వేగానికి కళ్లెం

గుర్రానికి బలం ఎంత అవసరమో కళ్లెం కూడా అంత అవసరం. మైదానంలో దౌడు తీయించడం, ఇరుకు దారిలో నిలవరించడం, అలసినప్పుడు నెమ్మదిగా నడిపించడం తెలిసినవాడే నేర్పరి అయిన రౌతు. ఎల్లవేళలా కొరడా ఝుళిపించేవాడు గమ్యం చేరకముందే గుర్రాన్ని పోగొట్టుకుంటాడు. కంప్యూటరు విషయంలోనూ ఇదే నీతి వర్తిస్తుంది. కంప్యూటరుకు మెదడు వంటిదైన ప్రాసెసర్ సెకనుకు కోట్ల సంఖ్యలో పనులు చేయగలదు. అయితే అది ఏ సమయంలో ఎంత వేగంతో పనిచేయాలో నిర్ణయించే కళ్లెం మరొకరి చేతిలో ఉంటుంది. ఆ కళ్లెం సక్రమంగా ఉన్నంతకాలం దాని ఉనికి ఎవరికీ తెలియదు. అది ఎక్కడో బిగుసుకుపోయిన నాడు మాత్రం, నిన్నటివరకు చురుకుగా పనిచేసిన యంత్రం నేడు కుంటినడక నడుస్తుంది. అటువంటి సమయంలో లోపాన్ని ఎలా వెతకాలి, అంతకంటే ముందు అది నిజంగా లోపమేనా అని ఎలా తేల్చుకోవాలి అన్నవి తెలుసుకోదగిన విషయాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థిని దగ్గర ల్యాప్‌టాప్ కంప్యూటరు ఉన్నదనుకుందాం. తండ్రి రెండేళ్లపాటు కూడబెట్టిన డబ్బుతో, ఒకరు వాడి అమ్మినదానినే కొనిచ్చాడు. దానిలో లినక్స్ అనే నిర్వహణ వ్యవస్థ ఉన్నది. ప్రాసెసర్ గరిష్ఠ వేగం 2.6 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 260 కోట్ల గడియార స్పందనలు. ఒకనాటి నుండి ఆ యంత్రం మందగించింది. పది నిమిషాలలో పూర్తయ్యే పని అరగంట దాటినా ముగియడం లేదు. మరమ్మతు దుకాణానికి తీసుకుపోతే, “ప్రాసెసర్ పాడైందమ్మా, బోర్డు మొత్తం మార్చాలి” అన్నారు. బోర్డు ధరకు మరికొంత కలిపితే ఇంకొక పాత ల్యాప్‌టాప్ వస్తుంది. తండ్రిని మళ్లీ డబ్బు అడగలేక, అడగకుండా చదువు సాగించలేక ఆమె సతమతమైంది. దుకాణదారు చెప్పినది నిజమా కాదా అన్నదే ఇక్కడ తేలవలసిన ప్రశ్న. దానికి సమాధానం కావాలంటే ప్రాసెసర్ వేగం ఎందుకు మారుతుందో ముందుగా గ్రహించాలి.

ప్రాసెసర్ లోపల కోట్లాది ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అవి గడియార స్పందనకు అనుగుణంగా తెరుచుకుంటూ మూసుకుంటూ లెక్కలు కడతాయి. ఒక సెకనులో వచ్చే స్పందనల సంఖ్యనే పౌనఃపున్యం అంటారు. ట్రాన్సిస్టర్లు తెరుచుకుని మూసుకున్న ప్రతిసారీ కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. ఈ ఖర్చుకు భౌతికశాస్త్రంలో సులభమైన సూత్రం ఉన్నది. విద్యుత్ సామర్థ్యం పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజిని సగానికి తగ్గిస్తే ఖర్చు సగం కాదు, నాలుగో వంతు అవుతుందన్నమాట. అయితే వోల్టేజి తగ్గినప్పుడు ట్రాన్సిస్టర్లు అంత చురుకుగా కదలలేవు. కాబట్టి వోల్టేజిని తగ్గించదలచినవారు పౌనఃపున్యాన్ని కూడా తగ్గించక తప్పదు. ఈ రెండింటినీ జంటగా తగ్గించడం, పెంచడం అన్నదే వేగ నియంత్రణలోని కీలకం.

దీనికి ఒక వాస్తవమైన నిదర్శనం చూడవచ్చు. ఇంటెల్ సంస్థ 2003లో ల్యాప్‌టాప్‌ల కోసం పెంటియం ఎం అనే ప్రాసెసర్‌ను విడుదల చేసింది. దానిలో 1.6 గిగాహెర్ట్జ్ రకానికి ఆరు మెట్లు ఉండేవి. అన్నింటికంటే పైమెట్టులో 1.6 గిగాహెర్ట్జ్ వేగం, 1.484 వోల్టులు, అట్టడుగు మెట్టులో 600 మెగాహెర్ట్జ్ వేగం, 0.956 వోల్టులు. కింది మెట్టుకు దిగితే వేగం నూటికి 37.5 వంతులకు తగ్గుతుంది. పై సూత్రం ప్రకారం లెక్కకడితే విద్యుత్ సామర్థ్యం నూటికి సుమారు 16 వంతులకు, అంటే దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. ట్రాన్సిస్టర్ల గుండా ఊరికే కారిపోయే విద్యుత్తు ఈ లెక్కలో చేరదు. అయినా లాభం స్పష్టమే. అదే పనిని నెమ్మదిగా ఎక్కువసేపు చేసినా, మొత్తం మీద ఖర్చయ్యే శక్తి నూటికి 42 వంతులకు మించదు.

వోల్టేజిని తగ్గించకుండా గడియారాన్ని మాత్రమే నెమ్మదింపజేస్తే ఏమవుతుంది? సామర్థ్యం సగమవుతుంది, పనికి పట్టే కాలం రెట్టింపవుతుంది. మొత్తం ఖర్చు ఎప్పటివలెనే ఉంటుంది. పెంటియం 4 కాలంలో లినక్స్‌లో పీ4 క్లాక్‌మాడ్ అనే డ్రైవర్ ఒకటి సరిగ్గా ఇలాగే పనిచేసేది. విద్యుత్తు ఆదా అవుతుందన్న ఆశతో కొందరు దానిని వాడుకున్నారు. ఆదా కలగకపోగా యంత్రం మాత్రం తీవ్రంగా మందగించింది. దానివల్ల వేగం బాగా తగ్గుతుందని కెర్నెల్ రూపకర్తలే ఆ డ్రైవర్ వివరణలో హెచ్చరిక రాశారు. వేగం తగ్గినంత మాత్రాన పొదుపు జరిగినట్లు కాదనడానికి ఇది చక్కని పాఠం.

వేగాన్ని మార్చే నేర్పు ప్రాసెసర్లకు ఒక్కనాడు అబ్బినది కాదు. 2000వ సంవత్సరం ఈ చరిత్రలో ఒక మైలురాయి. ఆ ఏడాది ఇంటెల్ సంస్థ స్పీడ్‌స్టెప్ అనే పేరుతోను, ఏఎండీ సంస్థ పవర్‌నౌ అనే పేరుతోను, ట్రాన్స్‌మెటా సంస్థ లాంగ్‌రన్ అనే పేరుతోను ఇటువంటి ఏర్పాట్లను తీసుకువచ్చాయి. నిర్వహణ వ్యవస్థలు కూడా వాటికి తగినట్లు మారవలసి వచ్చింది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ కెర్నెల్, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 రూపం నాటికి సీపీయూ ఫ్రీక్ అనే విభాగాన్ని తనలో కలుపుకున్నది.

కెర్నెల్ అనే మాటకు గింజ లోపలి పప్పు అని అర్థం. నిర్వహణ వ్యవస్థకు అది నిజంగా పప్పు వంటిదే. మిగిలిన ప్రోగ్రాములన్నీ దానిని ఆశ్రయించే ప్రాసెసర్‌నూ, జ్ఞాపకశక్తినీ, ఇతర పరికరాలనూ వాడుకుంటాయి. అందులోని వేగ నియంత్రణ విభాగంలో మూడు అంగాలున్నాయి. నియమాలనూ హద్దులనూ లెక్కలో ఉంచుకునే మూలభాగం మొదటిది. ప్రస్తుతం ఎంత వేగం కావాలో నిర్ణయించే గవర్నర్ రెండవది. ఆ నిర్ణయాన్ని ప్రాసెసర్‌కు అర్థమయ్యే భాషలో చెప్పి అమలు జరిపించే డ్రైవర్ మూడవది.

గవర్నర్లలో అనేక రకాలున్నాయి. పెర్‌ఫార్మెన్స్ అనేది ఎప్పుడూ గరిష్ఠ వేగాన్నే కోరుతుంది. పవర్‌సేవ్ అనేది కనిష్ఠ వేగంతో సరిపెట్టుకుంటుంది. యూజర్‌స్పేస్ అనేది నిర్ణయాన్ని మనిషికే వదిలిపెడుతుంది. 2004లో కెర్నెల్‌లో చేరిన ఆన్‌డిమాండ్ పని ఎంత ఉన్నదో నిర్ణీత వ్యవధులలో పరిశీలించి, పని పెరిగితే వేగాన్ని ఒక్కసారిగా పైకి లేపుతుంది. దాని తీరుతెన్నులను వివరిస్తూ వెంకటేశ్ పల్లిపాడి, అలెక్సీ స్టారికోవ్‌స్కీ 2006లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన లినక్స్ సదస్సులో ఒక పత్రం సమర్పించారు. ఆ తరువాత 2016లో షెడ్‌యుటిల్ అనే గవర్నర్ వచ్చింది. ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్ దగ్గర పనిభారం లెక్క ఎలాగూ ఉంటుంది. వ్యవధులు పెట్టుకుని వేరుగా కొలవకుండా ఆ లెక్కనే నేరుగా వాడుకోవడం దీని విశేషం.

ఇంతవరకు చెప్పినవి కెర్నెల్ లోపలి సంగతులు. కానీ వేగాన్ని అదుపు చేసే అధికారం కెర్నెల్ ఒక్కదానిదే కాదు. కంప్యూటరు బోర్డులో నిక్షిప్తమైన ఫర్మ్‌వేర్‌కు తన మాట ఒకటి ఉంటుంది. వేడిని కనిపెట్టి ఉండే ప్రాసెసర్‌కు తన మాట ఒకటి ఉంటుంది. విద్యుత్తును సరఫరా చేసే బోర్డు భాగాలకు మరొక మాట ఉంటుంది. వీటిలో ఎవరు తక్కువ వేగం చెబితే చివరకు అదే చెల్లుతుంది.

కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఈ విషయం తేలికగా బోధపడుతుంది. నీరు ప్రధాన కాలువలో నుండి పిల్లకాలువలోకి, అక్కడి నుండి తూము ద్వారా పొలంలోకి రావాలి. దారిలో ఎన్ని తలుపులున్నా, వాటిలో అన్నింటికంటే తక్కువగా ఎత్తిన తలుపు ఎంత నీటిని వదిలితే చేనుకు అంతే చేరుతుంది. మిగిలిన తలుపులన్నీ బార్లా తెరిచినా ప్రయోజనం లేదు. చేను ఎండుతున్నప్పుడు తెలివైన రైతు తూమును పగలగొట్టడు. గట్టు వెంట పైకి నడుచుకుంటూ పోయి, ఏ తలుపు దించి ఉన్నదో, దానిని దించినవారెవరో, ఎందుకు దించారో విచారిస్తాడు. ప్రాసెసర్ వేగం తగ్గినప్పుడు చేయవలసిన పని కూడా అదే. మందగమనాన్ని యంత్రానికి వచ్చిన రోగంగా గాక, ఎవరో ఇచ్చిన ఆజ్ఞగా భావించి, ఆ ఆజ్ఞ ఎవరిదో కనుగొనాలి.

విచారణలో మొదటి మెట్టు కొలత. పని లేనప్పుడు ప్రాసెసర్ 800 మెగాహెర్ట్జ్ వద్ద నిలబడితే అది లోపం కాదు, వివేకం. కాబట్టి ప్రాసెసర్‌కు చేతినిండా పని అప్పగించి, ఆ సమయంలోనే వేగాన్ని కొలవాలి. ఇక్కడ మరొక జాగ్రత్త అవసరం. కెర్నెల్ చూపే అంకె కొన్ని డ్రైవర్లలో తాను కోరిన వేగమే గాని, ప్రాసెసర్ నిజంగా అందుకున్న వేగం కాకపోవచ్చు. ఆజ్ఞ జారీ అయినంత మాత్రాన అమలు జరిగినట్లు కాదు గదా! నిజంగా నడిచిన స్పందనలను లెక్కించే గణకాలు ప్రాసెసర్ లోపలనే ఉంటాయి. టర్బోస్టాట్ అనే ఉపకరణం వాటిని చదివి అసలు వేగాన్ని చూపుతుంది. ఉదాహరణలోని విద్యార్థిని ఈ విధంగా కొలిచి చూసింది. నాలుగు కోర్లూ పూర్తిగా పనిలో మునిగి ఉన్నాయి. వేగం మాత్రం 800 మెగాహెర్ట్జ్ దాటడం లేదు. 2.6 గిగాహెర్ట్జ్‌లో అది మూడో వంతు కంటే తక్కువ. పది నిమిషాల పనికి అరగంటకు పైగా పట్టడానికి కారణం ఇదేనని తేలింది. ప్రాసెసర్ లెక్కలు తప్పడం లేదు, ఆగిపోవడం లేదు. ఎవరో దానిని అట్టడుగు మెట్టుకు కట్టివేశారు.

రెండవ మెట్టు కాలాన్ని గమనించడం. మందగింపు ఎప్పుడు మొదలవుతున్నదన్నది పెద్ద ఆధారం. యంత్రాన్ని ఆన్ చేయగానే కొంతసేపు చురుకుగా పనిచేసి, ఆ తరువాత మందగిస్తే వేడిని అనుమానించాలి. మొదటి నుండి చివరిదాకా ఒకే తక్కువ వేగం వద్ద నిలబడితే నియమాన్నో, ఫర్మ్‌వేర్‌నో, బయటి నుండి వచ్చే సంకేతాన్నో అనుమానించాలి. చార్జర్ తగిలించినప్పుడో తీసివేసినప్పుడో మార్పు వస్తే విద్యుత్ సరఫరా వైపు చూడాలి. వైద్యుడు జ్వరం ఏ వేళకు వస్తున్నదని అడిగినట్లే ఇది కూడా. ఆ విద్యార్థిని యంత్రం మొదటి క్షణం నుండే 800 మెగాహెర్ట్జ్ వద్ద ఉన్నది.

మూడవ మెట్టు కెర్నెల్ లోపలి తలుపులను పరిశీలించడం. లినక్స్‌లో ఇందుకు దాపరికం లేదు. వేగ నియంత్రణకు సంబంధించిన వివరాలన్నీ సిస్ అనే డైరెక్టరీ కింద చిన్న చిన్న ఫైళ్ల రూపంలో కనిపిస్తాయి. ఏ డ్రైవర్ పనిచేస్తున్నదో ఒక ఫైలు చెబుతుంది, ఏ గవర్నర్ అధికారంలో ఉన్నదో మరొకటి చెబుతుంది. ప్రాసెసర్ శక్తి ఎంతో, వినియోగదారు అనుమతించిన గరిష్ఠం ఎంతో వేరువేరు ఫైళ్లలో కిలోహెర్ట్జ్‌లలో రాసి ఉంటాయి. సీపీయూపవర్ అనే ఉపకరణం వీటినే ఒకచోట చేర్చి చూపుతుంది. అసలు ఆ ఫైళ్లే కనిపించకపోతే, డ్రైవర్ పనిచేయడం లేదనీ, ఫర్మ్‌వేర్ అమరికలలో వేగ నియంత్రణను ఆపివేసి ఉండవచ్చుననీ, లేదా ఆ వ్యవస్థ నిజమైన యంత్రం మీద గాక మరొక కంప్యూటరు లోపలి కల్పిత యంత్రం మీద నడుస్తూ ఉండవచ్చుననీ గ్రహించాలి.

ఇక్కడ విద్యార్థినికి ఒక అనుమానితుడు దొరికాడు. గవర్నర్ స్థానంలో పవర్‌సేవ్ అని ఉన్నది. కనిష్ఠ వేగంతో నడిపించే గవర్నర్ ఇదే కదా, దొంగ దొరికాడని ఆమె సంతోషించింది. వెంటనే దానిని మార్చి పెర్‌ఫార్మెన్స్ పెట్టింది. వేగంలో రవ్వంత మార్పు కూడా రాలేదు. కారణం పేరులోనే ఉన్నది. ఆ యంత్రంలో పనిచేస్తున్నది 2013లో లినక్స్‌లో చేరిన ఇంటెల్ పీస్టేట్ అనే డ్రైవర్. సాధారణంగా అది తన గవర్నర్లను తానే వెంట తెచ్చుకుంటుంది. దానిలోని పవర్‌సేవ్ పేరుకు మాత్రమే పొదుపరి. పని పెరిగినప్పుడు వేగాన్ని తానే పెంచుతుంది. ఒకే పేరు గల ఇద్దరు మనుషులు ఉన్నట్లే, ఒకే పేరు గల రెండు గవర్నర్లు ఉన్నాయి. పేరును చూసి నేరం మోపినవారు నిర్దోషిని శిక్షించి, అసలు కారణాన్ని వదిలివేస్తారు. అందుకే డ్రైవర్ పేరు తెలియకుండా గవర్నర్ పేరును చదవకూడదు.

తరువాత ఆమె హద్దులను చూసింది. ప్రాసెసర్ శక్తి 26,00,000 కిలోహెర్ట్జ్ అని ఉన్నది. అనుమతించిన గరిష్ఠం కూడా అంతే ఉన్నది. బ్యాటరీని పొదుపు చేయడానికి అమర్చుకున్న ప్రోగ్రాములు కొన్ని ఈ రెండవ అంకెను తమంతట తామే తగ్గించివేస్తాయి. ఆమె యంత్రంలో అటువంటిది జరగలేదు. అంటే కెర్నెల్ చేతిలోని తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. నీరు పైనే ఎక్కడో ఆగిపోతున్నది.

నాల్గవ మెట్టు ఫర్మ్‌వేర్. నిర్వహణ వ్యవస్థకూ ఫర్మ్‌వేర్‌కూ మధ్య సంభాషణకు ఎ.సి.పి.ఐ. అనే ప్రమాణం 1996లో ఏర్పడింది. ఈ మార్గంలో ఫర్మ్‌వేర్ ‘ప్రస్తుతానికి ఈ మెట్టు దాటి పైకి పోవద్దు’ అని కెర్నెల్‌కు ఆంక్ష పెట్టగలదు. తక్కువ సామర్థ్యం గల చార్జర్ తగిలించినప్పుడు, బ్యాటరీ లేకుండా నడిపినప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇటువంటి ఆంక్షలు వస్తాయి. కొన్ని డ్రైవర్లలో ఈ హద్దు బయాస్ లిమిట్ అనే ఫైలులో కనిపిస్తుంది. ఈ ఆంక్షను లక్ష్యపెట్టవద్దని కెర్నెల్‌కు చెప్పే వీలు కూడా ఉన్నది. అయితే ఆంక్షకు కారణం తెలియకముందే దానిని ధిక్కరించడం తెలివైన పని కాదు.

ఐదవ మెట్టు వేడి. ప్రాసెసర్ తన ఉష్ణోగ్రతను తానే కొలుచుకుంటుంది. హద్దు దాటితే నిర్వహణ వ్యవస్థ అనుమతి కోసం ఎదురుచూడకుండా తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పుడు కెర్నెల్ తన దినచర్యలో ఆ సంగతిని నమోదు చేస్తుంది, ఎన్నిసార్లు అలా జరిగిందో లెక్క కూడా ఉంచుతుంది. ఫ్యాను రెక్కల వెనుక దుమ్ము పేరుకోవడం, ప్రాసెసర్‌కూ లోహపు పలకకూ మధ్య పూసిన పేస్టు ఎండిపోవడం, పరుపు మీద పెట్టి వాడడం వల్ల గాలి దారులు మూసుకుపోవడం ఇందుకు సామాన్య కారణాలు. పాత యంత్రాలలో తరచుగా ఎదురయ్యే కారణం ఇదే. అటువంటప్పుడు కావలసింది కొత్త ప్రాసెసర్ కాదు, ఒక మెత్తని కుంచె. కాని విద్యార్థిని యంత్రంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు మాత్రమే ఉన్నది. కెర్నెల్ దినచర్యలో వేడి గురించిన ఫిర్యాదు ఒక్కటీ లేదు.

చల్లగా ఉన్న ప్రాసెసర్, తెరిచి ఉన్న తలుపులు, అయినా అట్టడుగు వేగం. ఈ మూడూ ఒకచోట కూడినప్పుడు దృష్టి ప్రాసెసర్ బయటికి మళ్లాలి. ఇంటెల్ ప్రాసెసర్లకు ప్రాక్‌హాట్ అనే సంకేతపు తీగ ఒకటి ఉన్నది. ‘నాకు వేడెక్కింది’ అని ప్రాసెసర్ బోర్డుకు తెలియజేయడానికి అది ఏర్పడింది. చాలా యంత్రాలలో అదే తీగ రెండు వైపులా పనిచేస్తుంది. బోర్డు మీది ఇతర భాగాలు కూడా దాని ద్వారా ‘వేగం తగ్గించు’ అని ప్రాసెసర్‌ను ఆదేశించగలవు. అలా ఆదేశం అందిన వెంటనే ప్రాసెసర్ ఎదురు ప్రశ్న వేయకుండా అట్టడుగు మెట్టుకు దిగిపోతుంది. ఆ ఆదేశం విద్యుత్ నియంత్రణ భాగం నుండి రావచ్చు, బ్యాటరీ నుండి రావచ్చు, చార్జర్ కారణంగానూ రావచ్చు.

ఆమె ఒక చిన్న ప్రయోగం చేసింది. పని నడుస్తుండగానే చార్జర్‌ను ఊడదీసింది. మరుక్షణంలో వేగం 2.6 గిగాహెర్ట్జ్‌కు ఎగబాకింది. మళ్లీ తగిలించింది, మళ్లీ 800కు పడిపోయింది. మూడుసార్లు చేసినా ఇదే ఫలితం. అప్పుడు గుర్తుకు వచ్చింది, నెల క్రితం పాత చార్జర్ పాడైతే బజారులో చౌకగా దొరికిన మరొక చార్జర్ కొన్నారని. కొన్ని ల్యాప్‌టాప్‌లు చార్జర్ పిన్ను మధ్యలోని సన్నని తీగ ద్వారా దాని సామర్థ్యాన్ని అడిగి తెలుసుకుంటాయి. సమాధానం రాకపోతే, ఆ చార్జర్ ఎంత విద్యుత్తు ఇవ్వగలదో తెలియదు కనుక, ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగానికి కట్టిపెడతాయి. కొత్త చార్జర్ ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోయింది. యంత్రం దానిని నమ్మలేదు. ఇంత చిన్న అపనమ్మకాన్నే దుకాణంలో ప్రాసెసర్ మరణంగా ప్రకటించారు.

కారణం తెలిసిన తరువాత రెండు దారులు కనిపించాయి. ప్రాసెసర్ లోపలి ఒక అమరికను మార్చి, ఆ సంకేతాన్ని వినకుండా చేయవచ్చునని తోటి విద్యార్థి ఒకడు చెప్పాడు. ఒక్క ఆజ్ఞతో, పైసా ఖర్చు లేకుండా వేగం తిరిగి వస్తుంది. ఆ మాట నిజమే. కాని ఆ సంకేతం ఊరికే ఏర్పడినది కాదు. సామర్థ్యం తెలియని చార్జర్ నుండి పూర్తి విద్యుత్తు లాగితే అది వేడెక్కి కాలిపోవచ్చు, తీగలు కరగవచ్చు. ప్రాసెసర్ తన వేడిని తాను చూసుకోగలదు గాని, చార్జర్ వేడిని చూడలేదు. పైగా అదే తీగ మీద రేపు విద్యుత్ నియంత్రణ భాగం నుండి నిజమైన ప్రమాద సూచన వచ్చినా వినేవారు ఉండరు. ఇంటికి కావలిగా ఉన్న కుక్క మొరుగుడు నిద్రకు భంగమని దాని మూతి కట్టివేయడం వంటిదే ఇది. విద్యార్థిని రెండవ దారి ఎన్నుకున్నది. యంత్రానికి తగిన సామర్థ్యం గల, అది గుర్తించగల చార్జర్‌ను కొన్నది. బోర్డు ధరలో అది కొద్ది భాగమే. తండ్రి రెండేళ్ల పొదుపు వ్యర్థం కాలేదు.

ఈ విచారణ పద్ధతిలో గమనించదగిన అంశాలు కొన్ని ఉన్నాయి. ఆమె ఒక్కసారికి ఒక్క మార్పే చేసింది. గవర్నర్‌ను మార్చి ఫలితం లేదని తెలియగానే దానిని యథాస్థితికి తెచ్చి ముందుకు సాగింది. కొలిచిన ప్రతి అంకెనూ నోటు పుస్తకంలో రాసుకున్నది. తనకు కనిపించిన మొదటి కారణాన్నే అసలు కారణమని నమ్మి ఆగిపోలేదు. కనుగొన్న కారణాన్ని కూడా మూడుసార్లు పరీక్షించి చూసుకున్నది. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో లవణ విశ్లేషణ చేసే విద్యార్థి క్రమం తప్పకుండా ఒక్కొక్క పరీక్ష చేసి, లేనివాటిని తొలగించుకుంటూ ఉన్నదానిని చేరుకుంటాడు. ఇక్కడ జరిగినదీ అదే. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట వేగాన్ని వెతికే పనిలోనూ చెల్లుతుంది.

ఈ కథలో మరొక సూక్ష్మం కూడా ఉన్నది. ఆజ్ఞ ఇవ్వడం ఎంత ముఖ్యమో, ఇచ్చినవారెవరో తెలిసేలా ఉంచడం కూడా అంత ముఖ్యం. 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ, బ్యాటరీలు పాతబడిన కొన్ని ఐఫోన్లలో సాఫ్ట్‌వేర్ ద్వారా వేగాన్ని తగ్గిస్తున్నట్లు అంగీకరించింది. ముసలి బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు ఇవ్వలేక ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా చూడడమే అందుకు కారణమని వివరించింది. సాంకేతికంగా ఆ కారణం సమంజసమైనదే. అయినా ప్రపంచవ్యాప్తంగా వినియోగదారులు ఆగ్రహించారు. బ్యాటరీ మారిస్తే సరిపోయేదని తెలియక, ఫోనునే మార్చుకోవలసి వచ్చిందని అనేకులు బాధపడ్డారు. ఆ తరువాత 2018 మార్చిలో విడుదల చేసిన నవీకరణలో, బ్యాటరీ స్థితిని చూసుకునే వీలునూ, ఆ వేగ నియంత్రణను వద్దనుకునే వీలునూ ఆ సంస్థ కల్పించింది. మంచి ఉద్దేశంతో వేసిన కళ్లెమైనా చెప్పకుండా వేస్తే అనుమానానికి తావిస్తుంది. లినక్స్ కెర్నెల్ మూలగ్రంథం అందరికీ అందుబాటులో ఉండడం, దానిలోని హద్దులు ఫైళ్లలో బహిరంగంగా కనిపించడం ఈ కారణంగానే విలువైనవి.

యంత్రాలు మనిషికి అనేక విధాల సేవ చేస్తాయి. అవి మొరాయించినప్పుడు విసుగుపడి కొత్తవాటి కోసం పరుగెత్తడం నేటి అలవాటు. కాని నెమ్మదించిన ప్రతి యంత్రమూ చెడిపోయినది కాదు. తనను తాను కాపాడుకుంటున్నదీ, తనను వాడుకునేవారిని కాపాడుతున్నదీ కావచ్చు. కళ్లెం బిగిసినట్లు తోచినప్పుడు దానిని తెంచివేయడానికి బలం చాలు. అది ఎవరి చేతిలో ఉన్నదో, ఎందుకు బిగించారో తెలుసుకోవడానికి మాత్రం ఓర్పు, పరిశీలన, క్రమశిక్షణ కావాలి. విజ్ఞానశాస్త్రం విద్యార్థికి నేర్పవలసినవి ఈ మూడే. వాటిని అలవరచుకున్నవారి చేతిలో పాత యంత్రం కూడా చాలాకాలం చురుకుగా పనిచేస్తుంది.